మూగజీవాల సేవ: ఏడాది లెక్క చూసే తీరు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధ్యాయులుగా మేము ఏటా ప్రోగ్రెస్ కార్డులు రాస్తుంటాం. మార్కులు చూసినంత మాత్రాన పిల్లవాడు తెలిసిపోడని మాకు అనుభవం. సేవాసంస్థల వార్షిక నివేదికలూ అంతే. మూగజీవాల కోసం పనిచేసే సంస్థ ఏడాదిలో నిజంగా ఏం సాధించిందో ఎలా గ్రహించాలి? ఇందుకు కైరో నగరంలో మొదలైన 'బ్రూక్' సంస్థ చరిత్ర మనకు మంచి పాఠం.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం వేలాది గుర్రాలను ఈజిప్టులోనే అమ్మేసి వెళ్లింది. 1930లో సైనికాధికారి అయిన భర్తతో కైరో వచ్చిన డొరొతీ బ్రూక్, ఆ గుర్రాలు ముసలితనంలో, ఎముకలు తేలి, బరువులు లాగడం చూశారు. 1931లో ఇంగ్లండులోని 'మార్నింగ్ పోస్ట్' పత్రికకు లేఖ రాశారు. పాఠకులు విరాళాలు పంపారు. కమిటీ ఏర్పడింది. కొన్నేళ్లలోనే అయిదు వేల గుర్రాలను కొన్నారు. చాలావాటికి కోలుకునే ఆశ లేదు. వాటి బాధకు ముగింపు పలకడం తప్ప మరో దారి కనిపించలేదు.

అంకెల్లో అది పెద్ద విజయమే. అక్కడితో పని చాలించినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఒక గుర్రాన్ని విడిపిస్తే ఆ బండికి మరో జంతువును కట్టక తప్పదు కదా! అదే బరువు, అదే ఎండ, అదే పుండు. 1934లో ఆమె కైరోలోనే ఆసుపత్రి స్థాపించారు. నగరంలోని పేదల గుర్రాలకు, గాడిదలకు అక్కడ ఉచితంగా వైద్యం చేశారు. అసలైన సాధన ఇదే అని మేము భావిస్తున్నాం.

బండివాడు కఠినాత్ముడని అనేయడం తేలిక. అయితే గాడిద ఒక్కరోజు పనికి పోకపోతే అతని ఇంట పొయ్యి వెలగదు. అందుకే పుండు ముదిరేదాకా వైద్యుడి దగ్గరకు తీసుకురాడు. అతణ్ని తిట్టి పంపితే మళ్లీ రాడు. వీపు మీద మెత్త సరిగా వేయడం, గిట్టలు శుభ్రం చేయడం, పని మధ్యలో నీళ్లు పెట్టడం ఓపికగా నేర్పితే ఎన్నో గాయాలు అసలు పుట్టవు. జంతువు ఆరోగ్యంగా ఉంటే అతని కూలీ నిలుస్తుంది. ఈ సంస్థ ఇప్పుడు మనదేశంలోనూ ఇటుక బట్టీల్లో చాకిరీ చేసే జంతువుల కోసం, వాటి యజమానులతో కలిసి పనిచేస్తోంది.

కాబట్టి దాతలకు మా మనవి ఒకటే. ఇలాంటి సంస్థ నివేదిక చేతికొచ్చినప్పుడు ఎన్ని జంతువులకు వైద్యం చేశారన్న అంకె దగ్గరే ఆగవద్దు. అదే పుండుతో తిరిగి వచ్చినవి ఎన్ని? యజమానికి ఏం నేర్పారు? వచ్చే ఏడాది మందుల ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది? ఇవి కూడా అడగండి. నిజాయితీగా పనిచేసేవారు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు.

దాహంతో అల్లాడే కుక్క కోసం బావిలోకి దిగి తన తోలు మేజోడులో నీళ్లు నింపి తెచ్చిన మనిషి వృత్తాంతం హదీసులో మనమంతా విన్నదే. అంతకుముందే అతనికీ దాహం వేసింది. ఆ బాధ తెలుసు గనుకే మళ్లీ బావిలోకి దిగాడు. ఆకలి తెలిసిన బండివాడి ఇంటికీ, నోరులేని అతని జంతువుకూ ఒకేసారి అందే సాయానికి చేయూతనివ్వాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.