టవర్ హామ్లెట్స్ వీధుల్లో మా నడక
(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



లండన్ చూసి వచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండి అని నిర్వాహకులు కోరారు. రాజప్రాసాదాలను గురించి, వంతెనలను గురించి చెప్పగలవారు మన పట్టణంలో చాలామందే ఉన్నారు. మేము చూసినది వేరు. మా అమ్మాయి కాపురం తూర్పు లండన్‌లోని మైల్ ఎండ్ పేటలో. అది టవర్ హామ్లెట్స్ అనే బరోలోనిది. ఆ మహానగరాన్ని పంచుకుని పాలించే స్థానిక విభాగాలను బరోలంటారు. స్టెప్నీ, పాప్లర్, బెత్నల్ గ్రీన్ అనే మూడు పాత బరోలను కలిపి 1965లో దీన్ని ఏర్పరచారు. వైశాల్యం సుమారు 20 చదరపు కిలోమీటర్లు, జనాభా మూడు లక్షల పైచిలుకు. 2021 జనగణన ప్రకారం అందులో నూటికి దాదాపు నలభైమంది ముస్లింలు. అక్కడ ఉన్న రెండున్నర నెలల్లో మేము దంపతులమిద్దరం దాదాపు ప్రతి ఉదయం ఒక్కొక్క పేటను కాలినడకన చూశాము. బస్సు డబ్బులు మిగులుతాయన్న గుమాస్తా బుద్ధి కూడా అందులో కొంత ఉన్నదని ఒప్పుకుంటాము.

మొదట బ్రిక్ లేన్ సంగతి. పూర్వం ఇటుకలు కాల్చిన చోటు కనుక ఆ పేరు వచ్చింది. ఫోర్నియర్ వీధి మూలన ఒక పాత కట్టడం, దాని గోడపై ఎండ గడియారం, 1743 అనే సంవత్సరం కనిపిస్తాయి. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ 1685లో ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛను రద్దు చేయగా అక్కడి హ్యూగెనాట్లు ప్రాణాలు దక్కించుకొని లండన్ చేరారు. వారిలో పట్టు నేతగాళ్లు ఎక్కువ. ఆ కట్టడం వారి ప్రార్థనాలయం. తరువాత అది మెథడిస్టుల చేతికి వచ్చింది. రష్యా సామ్రాజ్యంలోని హింస నుండి పారిపోయి వచ్చిన యూదులు 1898లో దాన్ని సినగాగుగా చేసుకున్నారు. 1976 నుండి అది జామె మస్జిదు. ఒకరు తరలిపోయాక మరొకరు అదే కప్పు కింద దైవాన్ని తలచుకున్నారు. గోడలను ఎవరూ కూల్చలేదు. మేము అక్కడ జొహర్ నమాజు చేసి బయటికి వచ్చి, ఆ ఎండ గడియారాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాము. ప్రార్థనా స్థలాల పూర్వచరిత్రను తవ్వడం మన దేశంలో ఎటువంటి పనిగా మారిందో మీకు చెప్పనవసరం లేదు.

అయితే ఆ వీధుల్లో సామరస్యం దానంతటది పండిందని అనుకోకండి. యూదుల రాకకు వ్యతిరేకంగా 1901లో అక్కడ ఒక సంఘమే వెలసింది. 1905లో విదేశీయుల ప్రవేశాన్ని నియంత్రించే చట్టం వచ్చింది. మా పనులు లాక్కుంటారు, మా ఇళ్లు ఆక్రమిస్తారు అని నాడు యూదులను అన్న మాటలనే డెబ్బై ఏళ్ల తరువాత బెంగాలీలను అన్నారు. మాటలకు కూడా వారసత్వం ఉంటుంది కాబోలు.

దక్షిణంగా నడిస్తే కేబుల్ స్ట్రీట్ వస్తుంది. 1936 అక్టోబరు 4న మోస్లే అనే నాయకుడు తన నల్లచొక్కాల ఫాసిస్టు దళంతో యూదుల పేటల మీదుగా ఊరేగింపు తలపెట్టాడు. దాన్ని నిషేధించమని వేలాది సంతకాలతో అర్జీ ఇచ్చినా ప్రభుత్వం వినలేదు. ఉద్యోగకాలంలో ఎన్నో అర్జీలను ఫైళ్లలో కట్టిన చేతులు మావి. ఆ అర్జీ గతి ఏమై ఉంటుందో ఊహించగలము. అప్పుడు యూదులు, ఐరిష్ ఓడరేవు కూలీలు, కార్మిక సంఘాలవారు కలిసి వీధికి అడ్డంగా బల్లలు, బండ్లు పడవేశారు. స్త్రీలు మేడల మీది నుండి చెత్త గుమ్మరించారు. ఊరేగింపు వెనుదిరిగింది. ఆ దృశ్యాన్ని పాత టౌన్ హాలు గోడపై పెద్ద చిత్రంగా గీశారు. ఐరిష్ కూలీలకు యూదులతో అంతకుముందు గొప్ప స్నేహమేమీ లేదు. ఆ రోజున వచ్చి నిలబడ్డారు, అంతే.

వైట్‌చాపెల్‌లో అల్తాబ్ అలీ పార్కు ఉంది. అల్తాబ్ అలీ దుస్తుల కార్ఖానాలో పనిచేసే బెంగాలీ యువకుడు. 1978 మే 4న పని ముగించి ఇంటికి నడిచి వెళుతుండగా ముగ్గురు కుర్రవాళ్లు దాడి చేసి పొడిచి చంపారు. పది రోజుల తరువాత వేలమంది ఆయన శవపేటిక వెనుక ప్రధానమంత్రి నివాసం వరకు నడిచారు. 1998లో ఆ పార్కుకు ఆయన పేరు పెట్టారు. అక్కడ బల్లపై కూర్చున్న ఒక సిల్హెటీ వృద్ధుడు మాతో హిందుస్తానీలో మాటలు కలిపారు. "ఆ రోజుల్లో ఒంటరిగా నడిచేవాళ్లం కాము భాయీ. కార్ఖానా విడిచాక నలుగురు పోగయ్యేదాకా గేటు దగ్గరే ఆగేవాళ్లం" అన్నారు. మేము రెండు నెలలుగా చేతులు ఊపుకుంటూ తిరుగుతున్న వీధులవి.

ఆ బెంగాలీలకు ఇళ్లు కూడా సులభంగా దొరకలేదు. శిథిలమైన వాటాలనో, తమవారికి దూరంగా దాడులు జరిగే చోట్లనో ఇచ్చేవారు. 1976లో వారు బెంగాలీ హౌసింగ్ యాక్షన్ గ్రూప్ అనే సంఘం పెట్టుకున్నారు. ఆంగ్లంలో ఆ పేరు పొడి అక్షరాలను కలిపి చదివితే 'బాఘ్' అన్నట్లు వినిపిస్తుంది, అంటే బెంగాలీలో పులి. ఖాళీగా పడి ఉన్న భవనాల్లో కుటుంబాలను దింపారు. తమవారి మధ్యనే ఇళ్లు కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు.

ఇది విన్నప్పుడు మా పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. ఉద్యోగంలో ఉండగా ఒక పట్టణానికి బదిలీ అయ్యాము. ఇల్లు నచ్చింది, అద్దె కుదిరింది. పేరు చెప్పగానే "మా చుట్టాలు దిగుతున్నారండీ" అన్నారు. అటువంటి చుట్టాలు ఆ పట్టణంలో నాలుగు ఇళ్లలో దిగారు. చివరికి మన మొహల్లాలోనే రెండు గదులు తీసుకున్నాము. ఆ తరువాత ఏ ఊరికి బదిలీ అయినా నేరుగా మొహల్లాకే వెళ్లాము. అడగడమే మానేశాము. అవమానం తప్పించుకున్నామని అప్పుడు అనుకున్నాము. పార్కు బల్లపై కూర్చున్నాక అలా అనుకోలేకపోయాము.

ఈస్ట్ లండన్ మస్జిదును చెప్పకుండా ముగించలేము. 1910లో ఒక నిధిగా మొదలై, 1941లో కమర్షియల్ రోడ్డులోని మామూలు ఇళ్లలో నడిచి, 1985లో ఇప్పటి భవనానికి చేరింది. ఆ నిధి ధర్మకర్తల్లో మార్మడ్యూక్ పిక్తాల్ ఒకరు. మన హైదరాబాదులో చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసిన పిక్తాల్ ఆయనే. ఆయన ఖుర్ఆన్ ఆంగ్లానువాదం 1930లో, నిజాం కొలువులో ఉండగా వెలువడింది. మస్జిదును ఆనుకొని 1899 నాటి సినగాగు ఉంది. అక్కడ ప్రార్థించేవారు తగ్గిపోగా 2015లో మస్జిదువారే దాన్ని కొన్నారు. వైట్‌చాపెల్ రైలు స్టేషనుకు 2022 నుండి బెంగాలీలో కూడా పేరు పలక ఉంది. కానరీ వార్ఫ్‌లోని బ్యాంకుల అద్దాల మేడలూ ఈ బరోలోనివే. ఒక పూట తిరిగి వచ్చేశాము, మెడ నొప్పి తప్ప మిగిలిందేమీ లేదు.

తిరిగి వచ్చాక లెక్క వేసుకున్నాము. ఈ పట్టణంలో ముప్ఫై ఏళ్లుగా ఉన్నాము. చెరువుగట్టుకు అవతలి వీధుల్లో పెళ్లి పత్రిక ఇవ్వడానికి తప్ప అడుగు పెట్టలేదు. అక్కడివారు మన సందుల్లోకి రంజాన్ నెలలో హలీం కోసం వస్తారు, వెంటనే వెళ్లిపోతారు. వచ్చే ఆదివారం ఫజ్ర్ నమాజు తరువాత మస్జిదు వాకిట నుండి చెరువుగట్టు మీదుగా నడుద్దామని అనుకున్నాము. అవతల ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు ఎదురు వచ్చి కలుస్తామన్నారు. పిల్లలను తీసుకురండి. మోకాళ్ల నొప్పులవారు కూడా రావచ్చు, మేమూ నెమ్మదిగానే నడుస్తాము.