మందు కొనే చెయ్యి, చల్లే చెయ్యి
(ప్రసంగ పాఠం)



హక్కుల సభలో వానపాముల గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. నేను చదువుకున్న సమాజశాస్త్రంలో కూడా వాటికి చోటు లేదు. అందుకని మా పెరట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట వంగమొక్కలకు పురుగు పడితే కార్బోఫ్యూరాన్ గుళికలు కొన్నాను. కొన్నది నేను. వట్టి చేతులతో మొదళ్ళలో చల్లింది మా ఇంట్లో పనిచేసే ఆమె. నీళ్ళు పెట్టిన మర్నాటికి వానపాములు పైకొచ్చి, మెలికలు తిరిగి చచ్చిపడి ఉన్నాయి. ఆమె తలనొప్పి, కళ్ళు తిరుగుతున్నాయంది. "ఎండకేమోనమ్మా" అన్నాను.

తర్వాత చదివాను. నరాలు సరిగా పనిచేయడానికి అవసరమైన కోలినెస్టరేజ్ అనే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. ఆ ఎంజైము పురుగులో ఉంది, వానపాములో ఉంది, మనిషిలోనూ ఉంది. ఆమె బాధకు కారణం గుళికలేనని నేను రుజువు చేయలేను. కానీ ఎండ అని తేల్చేసే అధికారం నాకెవరిచ్చారు? 2023లో కేంద్ర ప్రభుత్వం కార్బోఫ్యూరాన్ మిగతా రూపాలను ఆపేసి, 3 శాతం గుళికలను మాత్రం ఉండనిచ్చింది. అంటే చేత్తో చల్లేదే మిగిలింది.

వానపాము ఆకూ అలమూ తిని సారమున్న మట్టిగా వదులుతుంది. దాని బొరియల్లోంచే నీరూ గాలీ లోపలికి దిగుతాయి. ఈ పని మీద డార్విన్ 1881లో ఒక పుస్తకమే రాశాడు. దానికి ఊపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. అందుకే ఆకులు ఊడ్చి తగలబెట్టి నేలను బోడిగా ఎండకు వదిలేసినా, పదేపదే లోతుగా తవ్వినా, యూరియా గుప్పెళ్ళతో పోసినా దానికి ముప్పే. ఏళ్ళ తరబడి బోర్డో మిశ్రమం కొడితే మైలుతుత్తంలోని రాగి మట్టిలో పేరుకుంటుంది. అదీ వానపాములను తగ్గిస్తుంది.

మందు డబ్బా మీద డైమండ్ గుర్తు ఉంటుంది. అందులో ఎరుపుంటే అన్నిటికన్నా తీవ్రమైన విషం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే క్షేమమని కాదు, విషం తక్కువని మాత్రమే. చల్లే మనిషికి ఈ సంగతి ఎవరు చెప్పారు?

మన సంఘాల్లో అడగవలసినవి మూడు. చల్లబోయే మందేమిటో చల్లే స్త్రీకి ముందే తెలియాలి. చేతి తొడుగులు పని ఇచ్చేవారే ఇవ్వాలి. వద్దంటే ఆమె కూలి పోకూడదు.

నేను గుళికలు మానేశాను, రాలిన ఆకులు మొదళ్ళలోనే పరుస్తున్నాను. వానపాములు మళ్ళీ కనబడటానికి ఏడాది పైనే పట్టింది. ముందు చూసింది ఆమే. ఆ మట్టిలో రోజూ చేతులు పెట్టేది ఆమె కదా.