కోచింగా, సొంత చదువా?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను షోలాపూర్‌లో సాంచాల చప్పుడు మధ్య పెరిగిన. టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదివి, ఎం.టెక్. సీటు కోసం గేట్ పరీక్ష రెండుసార్లు రాసిన.

మొదటిసారి కోచింగ్‌లో చేరిన. ఫీజు కోసం మా నాయిన ఉన్న రెండు సాంచాల్లో ఒకటి అమ్మిండు. తీరా చేరితే, అక్కడ లెక్కలు బాగానే చెప్పారు గానీ నూలు, నేత, అద్దకం పాఠాలు చెప్పే సారే లేడు. చేరకముందే అడగకపోవడం నా తప్పు. ఆ ఏడు క్వాలిఫై కాలేదు. నాయిన ఒక్క మాట అనలేదు. సాంచా పోయిన ఖాళీ జాగా చూస్తేనే నాకు ముద్ద దిగేది కాదు.

రెండోసారి ఇంట్లోనే చదివిన. టెక్స్‌టైల్ వాళ్లకు గేట్‌లో టీఎఫ్ అని వేరే పేపరు ఉంది. పాత పేపర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా వినొచ్చు. గడియారం ముందు పెట్టుకొని మూడు గంటల్లో 65 ప్రశ్నలు రాసేవాణ్ణి. తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించేవాణ్ణి. ఒక మార్కు ప్రశ్నకు తప్పు ఆప్షన్ పెడితే మూడో వంతు మార్కు పోతుంది. జవాబు అంకె మనమే వేసే ప్రశ్నలకు ఏమీ పోదు. ఇది తెలిసినాక గుడ్డిగా గుర్తులు పెట్టడం మానేసిన. సీటొచ్చింది. నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ కూడా వచ్చింది.

కోచింగ్ దండగ అని నేననను. మా చిన్నాయిన బిడ్డది కంప్యూటర్ బ్రాంచి. ఇంట్లో కూర్చుంటే కండెలు చుట్టే పనే సరిపోయేది. క్లాసుకు పోయినాకే ఆమె చదువు గాడిలో పడ్డది.

అందుకే తల్లిదండ్రులకు నా మనవి. ముందు రెండు నెలలు పిల్లల్ని సొంతంగా చదవనీయండి. రెండు పాత పేపర్లు రాయించండి. మార్కులు ఎక్కడ పోతున్నాయో చూసి, దానికి మాత్రమే డబ్బు పెట్టండి. పోగు తెగితే తెగినచోటే అతుకుతాం గానీ పడుగంతా మార్చం కదా! ఫీజు కట్టేముందు, మన బ్రాంచి పాఠాలు ఎవరు చెప్తారని అడగండి. నిరుడు అక్కడ చదివిన పిల్లలతో మాట్లాడండి. గేట్ స్కోరు మూడేండ్లు చెల్లుతుంది, ఒక్క ఏడు పోయిందని పిల్లల్ని తిట్టకండి.

సాంచా అమ్మడానికి ఎప్పుడైనా అమ్మొచ్చు. ముందు ఒక్క పాత పేపరు రాయించి చూడండి.

సెలవు.