సంతకానికి పైనున్న ఖాళీ

  న్యాయశాస్త్రం చదివి ఇవాళ పట్టాతో బయటికెళుతున్న ఈ పిల్లలతో నాకు పనుంది.

నేను జూనియర్‌గా అనకాపల్లి కోర్టులో అడుగుపెట్టిన రోజుల్లో మా సీనియర్ గారు నా చేతికిచ్చిన తొలి కట్టల్లో ఒకటి గంజాయి కేసు. ముద్దాయి జీపు డ్రైవరు. చింతపల్లిలో కిరాయి మనుషుల్ని ఎక్కించుకుని నర్సీపట్నం వైపు దిగుతుంటే పోలీసులు ఆపారు. వెనక సీటు కింద రెండు సంచులు దొరికాయి. సంచులు పెట్టినవాళ్లు తోటల్లోకి పారిపోయారు. స్టీరింగు ముందు కూర్చున్నవాడు దొరికిపోయాడు.

మధ్యవర్తుల నివేదికలో, అంటే సాక్షుల ఎదుట రాసిన పంచనామాలో, ఒక వాక్యం ఉంది. గెజిటెడ్ అధికారి ఎదుట సోదా చేయించుకునే హక్కు ఉందని ముద్దాయికి చెప్పగా, తనకు అక్కర్లేదన్నాడట. కింద అతని సంతకం. గెజిటెడ్ అధికారి అంటే ఎవరయ్యా అని జైలుకెళ్లి అడిగాను. "నాకేటి తెల్సు బాబూ, సంతకం ఎట్టమన్నారు, ఎట్టీసినాను" అన్నాడు.

ఆ కాగితం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. పైన అక్షరాలు విశాలంగా, వరసకూ వరసకూ మధ్య వేలు పట్టేంత జాగాతో మొదలయ్యాయి. కిందికి వచ్చేకొద్దీ వరసలు దగ్గరపడ్డాయి. చివరి మూడూ సంతకం నెత్తిమీద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆఖరి మాట అతని పేరులోని గుడిని తప్పించుకుని పక్కకు వంగింది. సంతకం ముందు పడింది, విషయం తరవాత నిండింది. విచారణలో మా సీనియర్ గారు ఆ కాగితాన్ని మధ్యవర్తి చేతికిచ్చి చివరి మూడు వరసలే చదవమన్నారు. అతను చదవలేక తడబడ్డాడు. కేసు కొట్టేశారు. అప్పటికి నాలుగేళ్లు గడిచిపోయాయి. స్టేషను ఆవరణలో జీపు తుప్పు పట్టి, బానెట్ లోంచి జిల్లేడు మొక్క లేచింది.

ఇవాళైతే ఆ కేసు అంత తేలిగ్గా పోదు. గెజిటెడ్ అధికారి ఎదుట సోదా కోరే హక్కునిచ్చే మత్తుపదార్థాల చట్టం 50వ సెక్షనులోని రక్షణ మనిషి ఒంటిని సోదా చేసేటప్పుడే గానీ చేతిసంచికి వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కారు డిక్కీకీ అంతే. అలాగని డ్రైవరుకు ఏమీ మిగల్లేదనుకోకండి. సొంత జీపు రోడ్డు మీద ఉన్నంత మాత్రాన ప్రజారవాణా వాహనం అయిపోదని 2021లో బూటా సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. అందిన సమాచారాన్ని రాతలో పెట్టి పై అధికారికి పంపాలన్న 42వ సెక్షనును పట్టించుకోలేదని ముద్దాయిలను వదిలేసింది.

మామూలు కేసుల సంగతీ చూడండి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాలి. అది మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను. డిజిలాకర్‌లో ఉన్నదైనా చెల్లుతుంది. అయితే లైసెన్సు అడగడం వేరు, డిక్కీ తెరవమనడం వేరు. మన నేర చట్టం "స్థలం" అన్న మాటలో ఇంటితోపాటు వాహనాన్నీ చేర్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షను ప్రకారం, దర్యాప్తులో వారంటు లేకుండా సోదా చేసే అధికారి కారణాలు ముందే రాసిపెట్టాలి. ఆ నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. 105వ సెక్షను ప్రకారం, జాబితా రాసి సాక్షులు సంతకాలు పెట్టేదాకా అంతా వీడియోలో ఉండాలి.

ఇన్ని ఉన్నా నా భయం ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది. సోదా అక్రమమైనంత మాత్రాన దొరికిన సరుకు సాక్ష్యం కాకుండా పోదని పూరన్‌మల్ కేసు నుంచీ మన కోర్టులు చెబుతూనే ఉన్నాయి. గంజాయి 20 కిలోలు దాటితే శిక్ష కనీసం పదేళ్లు. అలాంటప్పుడు డ్రైవరు జీవితం ఆ రాత్రి రోడ్డుపక్క రాసిన కాగితం మీద వేలాడుతుంది. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద చెప్పినవాడి సంతకం తీసుకోకూడదని నాగరిక్ సురక్షా సంహిత 181వ సెక్షను స్పష్టంగా అంటుంది. ఈ సంగతి ఎంతమంది డ్రైవర్లకు తెలుసు?

డ్రైవర్ల దాకా ఎందుకు? ఇవాళ పొద్దున హాలు బయట మీరు గౌన్లు తీసుకుంటూ రిజిస్టరులో సంతకాలు పెడుతుంటే పక్కనే నిలబడి చూశాను. ఒక్కరంటే ఒక్కరు పైన ఏం రాసుందో చదవలేదు! ఒకమ్మాయి ఫోను చెవిన పెట్టుకునే గీసేసింది. కోప్పడటం కాదు తల్లీ, నాకు నిజంగానే బెంగ పట్టుకుంది. అయిదేళ్లు చట్టం చదివిన చెయ్యే అలా ఉంటే, అయిదో తరగతి చదివినవాడి చేతిని ఏమనగలం?

డ్రైవర్లకు పోట్లాట నేర్పకండి. అర్ధరాత్రి ఎస్సైకి సెక్షన్లు వల్లిస్తే లాభం లేదు. అడ్డుపడితే విధులకు ఆటంకమని మరో కేసు మెడకు చుట్టుకుంటుంది. ఎందుకు సోదా చేస్తున్నారు, వీడియో తీస్తున్నారా అని నెమ్మదిగా అడిగితే చాలు. కాగితం ముందుకొస్తే "తెలుగులో చదివి వినిపించండి సార్" అనాలి. నిజాయితీగా సరుకు పట్టుకున్న ఎస్సైకి కూడా రేపు కోర్టులో ఆ మాటే అండ.

వచ్చే ఆదివారం మీ ఊరి టాక్సీ స్టాండుకు వెళ్లండి. టీ తాగుతూ పదిమంది డ్రైవర్లకు ఆ ఒక్క వాక్యం నేర్పండి. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టొద్దని చెప్పండి.