ఆఫ్రికా సఫారీ: టికెట్టు కంటే ముందు టీకా

మొన్న అమలాపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "వేసవి సెలవుల్లో మా ఆవిణ్ణి, తొమ్మిదేళ్ల మనవణ్ణి తీసుకుని కెన్యా వెళ్దామనుకుంటున్నాను. వాడికి సింహాన్ని చూపించాలి. టికెట్లు కొనెయ్యమంటారా?" అని. ఆయనకి 66 ఏళ్లు. "ఆగండి మాస్టారూ, ఇప్పుడే కొనకండి" అన్నాను. ఎందుకన్నానో ఇవాళ చెప్తాను.

మొదటిది, కాలం. మన పిల్లలకి సెలవులంటే ఏప్రిల్ చివర్నుంచి జూన్ మొదట్లో దాకా. కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. వరద తీసిన తరవాత మన లంకల్లో దారులు ఎలా ఉంటాయి? అక్కడి మట్టిరోడ్లూ అలాగే ఉంటాయి. గడ్డి ఏపుగా పెరుగుతుంది, అందులో పడుకున్న సింహం పక్కనుంచి వెళ్లినా కనపడదు. ఆ నెలల్లో లాడ్జి రేట్లు తక్కువని ఏజెంట్లు చెప్తారు. నిజమే, కానీ ఎందుకు తక్కువో కూడా అడగాలి కదండీ.

టీవీలో చూస్తామే, వైల్డ్‌బీస్టులు మందలు మందలుగా మారా నదిలో దూకడం, అది మామూలుగా జూలై నుంచి అక్టోబర్ లోపు. మన దసరా సెలవులకి సరిపోతుంది. ఖర్చూ అప్పుడే ఎక్కువ. మసాయి మారా ప్రవేశ రుసుమే విదేశీ పెద్దలకి జనవరి నుంచి జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబర్ దాకా 200. జనవరిలో కూడా వాతావరణం బాగుంటుంది. కాకపోతే సంక్రాంతికి మన గోదారోళ్లు ఊరొదిలి ఎక్కడికెళ్తారండీ!

రెండోది, అసలైనది, ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తరవాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఆ తరవాత జీవితాంతం పనికొస్తుంది. ఏ క్లినిక్‌లో పడితే ఆ క్లినిక్‌లో వెయ్యరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వెయ్యాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. ముందు ఫోన్ చేసి, ఏ రోజు వేస్తారో కనుక్కుని బయల్దేరండి.

అరవై దాటాక మొదటిసారి ఈ టీకా వేయించుకునేవాళ్లలో, అరుదుగానే అయినా, తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. గుడ్డు పడనివాళ్లు కూడా ఆ సంగతి ముందే చెప్పాలి. డాక్టర్ని అడక్కుండా టికెట్ కొన్నామంటే, ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే.

మాస్టారు డాక్టర్ దగ్గరికి వెళ్లారు. వద్దన్నారట. పాపం డీలా పడిపోయారు. "దక్షిణాఫ్రికా ఉంది కదండీ" అన్నాను. అక్కడి క్రూగర్ పార్కు దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. మే నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ పొడికాలం. ఆకు రాలిపోతుంది, గడ్డి పలచబడుతుంది, జంతువులు నీటిగుంటల దగ్గరికి వస్తాయి. మే చివర్లో వెళ్తే మన సెలవుల్లోనే అయిపోతుంది. గల్ఫ్ మీదుగా వెళ్లి అలాగే తిరిగొస్తే ఎల్లో ఫీవర్ టీకాతో పని లేదు. మలేరియా మాత్రం అక్కడా ఉంది, మాత్రల గురించి డాక్టర్ని అడగాలి.

ఇంకో సంగతి. మనవడు తాతయ్యతో వెళ్తున్నాడు, అమ్మానాన్నలతో కాదు. దక్షిణాఫ్రికా దీన్ని గట్టిగా చూస్తుంది. తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రం, వాళ్లిద్దరి అంగీకార పత్రం ఉండాలి. వీసాకి కూడా వారాలు పడుతుంది కాబట్టి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి.

సామానులో స్వెట్టర్ మర్చిపోకండి. ఆఫ్రికా అంటే ఎండే అనుకుంటాం గానీ, తెల్లారకుండా ఓపెన్ జీపులో వెళ్తుంటే వణుకొస్తుంది. కెన్యా వెళ్లేవాళ్లు ఆవకాయని క్యారీ బ్యాగుల్లో చుట్టకండి, 2017 నుంచి అక్కడ వాటిమీద నిషేధం.

చివరగా ఒక మాట. వెళ్లే ముందు మనవణ్ణి ఒకసారి మన కోరంగి అభయారణ్యానికి తీసుకెళ్లండి. మడ అడవిలో నీటిపిల్లి కనపడొచ్చు, కనపడకపోవచ్చు. అడవికి వెళ్తే నోరు మూసుకుని ఎదురుచూడాలని వాడికి అక్కడే తెలుస్తుంది. అది తెలిసిన పిల్లాడికి క్రూగర్‌లో సింహం కనపడకపోయినా ప్రయాణం వృథా కాదు.