బ్యాక్‌లాగ్ పక్కన ఏం పెడతారు?

(సిబ్బంది పిల్లల ఉన్నత విద్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగం)



విద్యారుణాల దరఖాస్తులు చూడటం నా పని. బీటెక్‌లో బ్యాక్‌లాగ్‌లు ఉన్న పిల్లలు మార్కుల మెమోలు ఇస్తూ తలెత్తి చూడరు. వాళ్లకు చెప్పే మాటే మీకూ చెబుతాను.

ఒక ఖాతాలో రెండేళ్ల కిందట రెండు వాయిదాలు తప్పాయనుకోండి. ఆ నమోదును మనం చెరపలేం. కానీ ఆ తర్వాతి 24 వాయిదాలూ వేళకు పడితే ఆ ఖాతాదారు మీద నమ్మకం పెరుగుతుంది. పీజీ దరఖాస్తూ అంతే. పాత సెమిస్టర్ మారదు. దాని పక్కన కొత్త రుజువు పెట్టాలి.

మొదటిది, తప్పిన సబ్జెక్టులోనే రుజువు చూపండి. గణితం పోతే గణితంలోనే. ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో ఉచితంగా చేరవచ్చు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. అందుకే దానికి విలువ.

రెండోది, ప్రవేశ పరీక్ష. గేట్ స్కోరు 3 ఏళ్లు, జీఆర్‌ఈ స్కోరు 5 ఏళ్లు చెల్లుతాయి. తొందరపడి రాయనక్కర్లేదు. అయితే ఎంత మంచి స్కోరైనా కనీస అర్హతకు బదులు కాదు. క్యాట్‌కు డిగ్రీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకైతే 45 శాతం మార్కులు ఉండాలి. ముందు నోటిఫికేషన్ చదవండి, తర్వాతే ఫీజు కట్టండి.

మూడోది, సిఫారసు లేఖ. మిమ్మల్ని ఎరగని పెద్ద హోదా మనిషికంటే, మీరు మళ్లీ నిలదొక్కుకోవడం కళ్లారా చూసిన అధ్యాపకుడే మేలు.

నాలుగోది, ఎస్‌వోపీ. మూడు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఏం మార్చుకున్నారు, ఫలితం ఏమిటి. లెక్చరర్ మీద, పేపర్ దిద్దినవాళ్ల మీద నెపం వేసి పేజీ నింపకండి.

"ఆ మెమో పెట్టొద్దు, అనుభవ పత్రం మేం చూసుకుంటాం" అనే కన్సల్టెంట్లు ఉంటారు. దండం పెట్టి వచ్చేయండి. దొంగ పత్రం బయటపడితే వచ్చిన సీటూ పోవచ్చు, వీసా కూడా పోవచ్చు. అప్పటికే విడుదలైన రుణం మాత్రం మీ పేరునా, సహ రుణగ్రహీతలైన అమ్మానాన్నల పేరునా మిగిలే ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈ రాత్రి భోజనాల దగ్గర "ఎన్ని పోయాయి?" అనకండి. "ఏ పరీక్షకు చదువుతున్నావు, నేనేం చేయాలి?" అని అడగండి.

సెలవు.