కట్టడములలో బోదెల ప్రయోజనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో కావ్యములను గూర్చియో, మహనీయుల చరిత్రలను గూర్చియో ప్రసంగములు సాగుట పరిపాటి. నేటి విషయము అంత ఘనముగా వినిపించకపోవచ్చును. కంబమునకును దూలమునకును నడుమ కూర్చుండు చిన్న దిమ్మయే నేటి విషయము. దానిని తెలుగున బోదె యందురు, బోదియ యనియు నందురు. శిల్పులు దానినే పోతిక యన్నారు. గోడనుండి ముందుకు చొచ్చుకొని వచ్చి చూరును, మేడ వసారాను, పుస్తకముల పలకను మోయు రాతి, కొయ్య, ఇనుప ఊతలకు నేడు బ్రాకెట్లని పేరు. పేరు లెన్నియైనను వాని ధర్మ మొక్కటియే. నిలువుగా నున్న దానికిని, అడ్డముగా నున్న దానికిని పొత్తు కుదుర్చుటయే ఆ ధర్మము.

ఈ చిన్న దిమ్మ అవసర మేమి? రాయి నలుగుటకు ఓర్చును, వంగుటకు ఓర్వదు. రెండు కంబములపై ఒక బండను పరచినప్పుడు దాని పైముఖము నొక్కుకొనును, క్రిందిముఖము సాగదీయబడును. సాగుట రాతికి సహజము కాదు. కనుకనే బీట ఎప్పుడును బండ నడుమ, అడుగువైపున పుట్టును. ఎడము పెరిగిన కొలది అపాయము హెచ్చును. అయితే అది హెచ్చు తీరును గమనింపవలెను. రెండు కంబముల నడుమ ఎడము 8 అడుగు లనుకొనుడు. ప్రతి కంబముపైనను ఇరువైపులకు ఒక్కొక్క అడుగు సాగిన బోదె నుంచినచో, దూలమునకు మిగులు ఎడము 6 అడుగులు. సమముగా పరచిన బరువు దూలమును విరుచు బలము ఎడము యొక్క వర్గమును బట్టి యుండును. 8 వర్గము 64, 6 వర్గము 36. అనగా ఎడము నాల్గవవంతు మాత్రమే తగ్గినను, విరుచు బలము ఇంచుమించు సగమునకు దిగును. ఇక కొయ్య దూలము నడుమ క్రుంగుట మూడవవంతునకు లోపలికి వచ్చును. ఇది స్థూలమైన లెక్కయే యైనను, ఒక్క అడుగు దిమ్మ చేయు ఉపకార మెంతటిదో దీనివలన తెలియును.

ఈ లెక్కకు రాతిలో నిదర్శనము హిందూపురమునకు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షిలో కలదు. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్ది పూర్వార్ధమున, పెనుకొండ సీమలో అధికారము నెరపిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కూర్మశైలముపై వీరభద్రాలయమును విస్తరింపజేసిరి. అక్కడి నాట్యమండపములో కంబములపై చెక్కిన వాయిద్యగాండ్రను, నర్తకులను చూచి మురియని వారు లేరు. చూపు ఇంకను పైకి పోయినచో కప్పున వర్ణచిత్రములు కనబడును. ఆ రెంటికి నడుమ బోదెలు కలవు. వానియొద్ద చూపు నిలుచుట అరుదు.

కాని ఆ చిత్రములు బండల అడుగుముఖమున సున్నపు పూతపై వ్రాసినవి. బండ బీటవారినచో బీట మొదట పుట్టునది ఆ ముఖముననే. చిత్రకారుని కుంచె వ్రాసిన దానిని వడ్డెవాని లెక్క కాపాడినది. విజయనగర శిల్పులు ఈ బోదెను కేవలము మొద్దుగా విడువలేదు. దాని కొసను వంచి, క్రిందికి వ్రేలాడు తామరమొగ్గగా చెక్కిరి. భారము లేని కొసయందే అలంకారము నుంచి, భారము మోయు మధ్యభాగమును దిట్టముగా నుంచుట వారి వివేకము.

ఆ మండపముననే వ్రేలాడు కంబమని ప్రసిద్ధి కెక్కినది యొకటి కలదు. యాత్రికులు దాని అడుగున పలుచని బట్టను ఒకవైపు దూర్చి మరొకవైపు తీయుదురు. దాని అడుగు పూర్తిగా నేలపై ఆనకున్నను పైకప్పు నిలిచియే యున్నది. ఏలయన రాతి మండపములో ఏ దూలమును ఒంటరిది కాదు. ఒక కంబము తన పాలు మోయనప్పుడు ఆ భారము దూలముల మీదుగా ఇరుగుపొరుగు కంబములకు చేరును. అయితే దీనిని చూచి తమ యింట నడిమి కంబమును తీసివేయవచ్చునని ఎవ్వరును తలపరాదు. ఆ ఇరుగుపొరుగు కంబములకు ఎంత శక్తి కలదో ముందుగా ఎరిగినవారికే అట్టి సాహసము తగును.

ఆలయ ప్రాంగణమున అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపము వేరొక పాఠము చెప్పును. దానికి కప్పు లేదు. కంబములు ఆకాశము క్రింద నిలిచియున్నవి. కట్టుబడి క్రమము అక్కడ తేటతెల్లమగును. ముందు కంబము, దానిపై బోదె, దానిపై దూలము, ఆపై బండ. కప్పు వేసిన తరువాత మరుగుపడు వరుస, కప్పు లేనందున చదువుటకు వీలుగా నున్నది.

లేపాక్షి కట్టించినవారి అధికారస్థానము పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధము జరిగి విజయనగరము పాడుపడిన పిమ్మట తిరుమలరాయలు రాజధానిగా చేసికొనినదియు పెనుకొండయే. అక్కడి గగనమహలులో కమానులు కనబడును. కమాను బరువును ప్రక్కలకు త్రోయును. కనుక దానికి ఇరుప్రక్కల దిట్టమైన గోడలు కావలెను. బోదె యట్లు త్రోయదు, బరువును తిన్నగా కంబములోనికి దింపును. అందుచేత సన్నని కంబములపై విశాలమైన మండపము నిలుచుటకు బోదెయే తగినది. ఈ రెండు పద్ధతులను పోల్చి నేర్చుకొనుటకు లేపాక్షి, పెనుకొండలను ఒక్క దినముననే చూచి రావచ్చును.

లోకమున ఇతరులును ఈ విద్యను వేరువేరు రీతుల సాధించిరి. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి చూరుల క్రింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికలు బ్రాకెట్ల రూపమున చెక్కినవే. చీనాదేశమున ఇంగ్‌షియన్ అను ఊర 1056లో కట్టిన కొయ్యగోపురము దాదాపు 67 మీటర్ల ఎత్తుగలది. దాని అంతస్తులను, చూరులను ఒకదానిపై నొకటి పేర్చిన కొయ్యబోదెల గుత్తులే మోయుచున్నవి.

అంత దూరము పోకుండనే కొయ్యపనికి ధర్మవరము చాలును. రాయలసీమ మట్టిమిద్దెలలో దూలములపై దంతెలు పరచి, ఆపై చౌడుమన్ను వేయుట ఆచారము. వాన కురిసినపుడు ఆ మన్ను నీరు పీల్చి మరింత బరువెక్కును. మగ్గమున్న ఇంట మరొక చిక్కు కలదు. పడుగు చాచుటకు చోటు కావలెను, గుంటమగ్గము నడుమ కంబము నిలుపుటకు వీలులేదు. ఎడము పెరుగును, దానితో బోదె విలువయు పెరుగును. మగ్గముపై జాకార్డు యంత్రము నమర్చిన చట్రము సంగతియు నిట్టిదే. నేతగాడు తొక్కినపు డెల్ల ఆ చట్రము ఊగజూచును. నిలువు కొయ్యకును అడ్డకొయ్యకును మూలలో ఏటవాలుగా కొట్టిన చిన్న ఊత ఆ ఊపును పట్టి నిలుపును. నాలుగు కొయ్యల చదరము ప్రక్కకు ఒరుగగలదు. మూడు కొయ్యల ముక్కోణము, కొయ్య విరిగిననే తప్ప ఒరుగదు. లేపాక్షి లతామండపపు అల్లికలు చీరల అంచులలో నేడు కనబడుచున్నవి. చీరకు ఆ రాతి సొగసు అబ్బినట్లే, మగ్గమునకు ఆ రాతి లెక్కయు అబ్బినది.

ఇక నేటి ఇండ్ల మాట. సిమెంటు కాంక్రీటు వచ్చిన పిదప బోదెను వేరుగా చెక్కు అవసరము తగ్గినది, దాని ధర్మము మాత్రము తగ్గలేదు. కిటికీపై సజ్జ, మేడ ముందరి వసారా గోడనుండి చొచ్చుకొని వచ్చిన ఊతలే. ఇట్టి ఊతకు రెండు భాగములు కలవు. ఒకటి బయటకు కనబడు ముక్కు, రెండవది గోడలో దాగిన తోక. తోకపై తగినంత బరువున్ననే ముక్కు నిలుచును. ఇల్లు కట్టించువారు ముక్కు సొగసును చూచి, తోకను మరచుటవలననే సజ్జలు కూలుచున్నవి.

మూడు జాగ్రత్తలు గుర్తుంచుకొనవలెను. రెండు గోడలపై పరచిన కప్పులో సాగుదల నడుమ అడుగువైపున నుండును, కావున ముఖ్యమైన ఇనుపకడ్డీ అక్కడ అడుగున నుండవలెను. సజ్జలో సాగుదల పైవైపున నుండును, కావున కడ్డీ పైన నుండవలెను. కాంక్రీటు పోయునపుడు కూలీలు త్రొక్కుటచే పైకడ్డీ అడుగునకు దిగిపోవుట సామాన్యము. అది దిగినచో ఇనుము వేసియు వేయనట్లే. రెండవది, కడ్డీ సజ్జ మొదటిలోనే ఆగక లోపలి దూలములోనికి చాలినంత పొడవున పోవలెను. మూడవది, సజ్జపై గోడ లేవకమునుపే, కాంక్రీటు పండకమునుపే క్రింది ఊతగుంజలను లాగివేయరాదు. రెండు మూడు వారములు ఓపిక పట్టుట ప్రాణములకంటె ఖరీదైనది కాదు.

చివరగా, గ్రంథాలయమునకు దగ్గరి విషయ మొకటి. పుస్తకములు జ్ఞానముచే తేలికపరచును గాని తూకమున చాల బరువైనవి. గోడకు బిగించిన పలకపై 40 కిలోల పుస్తకములు, గోడకు సగటున 15 సెంటీమీటర్ల దూరమున నున్న వనుకొనుడు. బ్రాకెట్ల నిలువుకాలు 20 సెంటీమీటర్లైనచో పై మరలపై మొత్తము 30 కిలోల లాగుడు పడును. నిలువుకాలు 30 సెంటీమీటర్లైనచో అది 20 కిలోలకు తగ్గును. బ్రాకెట్టు ముక్కు పొడవును గాక నిలువుకాలి పొడవును చూచి కొనవలెనని దీని తాత్పర్యము. ఊడునది ఎప్పుడును పైమరయే కనుక, ఏటేట పుస్తకముల లెక్క తీయునపుడు పైమరలను కూడ బిగించి చూచుట మేలు.

పాత ఇండ్లు పడగొట్టునపుడు చెక్కడపు బోదెలు వంటచెరకుగానో, అంగడి సరకుగానో పోవుచున్నవి. గ్రామమున ఒక పాతమిద్దె పడగొట్టునపుడు కనీసము ఒక్క బోదెను, దాని కంబముతోను, దూలపు ముక్కతోను గూడ గ్రంథాలయ వసారాలో నిలిపినచో, పుస్తకము చదువరాని వానికిని అది చదువదగిన పుస్తక మగును. ఎన్నో ఏండ్లు ఒక యింటిని మోసిన దిమ్మకు ఆ మాత్రపు చోటు ఇచ్చుట ఈ రజతోత్సవమునకు తగిన కార్యము.

గ్రంథాలయమునకు, దానిని నిలుపుచున్న పాఠకులకు శుభమగు గాక.